399 రూపాయల నాలుక యాప్, మా అమ్మ నాలుక

5 స్టార్లకి ఒకటిన్నర. ఒకటి ఎలాగూ ఇవ్వక తప్పదు కాబట్టి ఇచ్చాను, ఆ అర మాత్రం మా అమ్మ పుణ్యం. యాప్ పేరు రాయడం లేదు, రాస్తే అదో ప్రచారం. నాలుక ఫొటో తీస్తే రంగు చూసి ఒంట్లో ఏముందో చెబుతామనే యాప్‌లు ఇప్పుడు బోలెడు వచ్చాయి. మీ ఫ్యామిలీ గ్రూపులోకి కూడా ఏదో ఒకటి వచ్చే ఉంటుంది.

నాది రాజోలు. చిన్న ఫొటో స్టూడియో. ఫిల్ము రోజుల నుంచి ఇదే పని, డార్క్‌రూమ్‌లో ప్రింట్లు కడిగిన చేతులివి. ఆషాఢం వచ్చిందంటే మాకు ముహూర్తాలుండవు. పాస్‌పోర్టు ఫొటోలు నాలుగు, ఆధార్ లామినేషన్లు రెండు, మిగతా పొద్దంతా లెన్సులకి బూజు పట్టకుండా చూసుకోవడమే. సరిగ్గా అప్పుడే హైదరాబాదులో ఉండే మా బావమరిది గ్రూపులో లింకు పెట్టాడు. "బావా, నాలిక చూపిస్తే చాలంట, గుండె, లివరు, కిడ్నీ అన్నీ చెప్పేస్తుందంట. అత్తయ్యగారికి కూడా ఓసారి చూడు." మూడు నెలలకి 399 రూపాయలు. కట్టాను. ఖాళీగా ఉన్నవాడి బుద్ధి ఇలాగే ఉంటుంది.

యాప్ చూడ్డానికి బాగానే ఉంది. నాలుక చాపి ఫొటో తీస్తే గుండ్రంగా తిరిగి తిరిగి వందకి ఇన్ని మార్కులని ఇస్తుంది. కింద నాలుక పటం. కొస గుండె, నడుమ పొట్ట, పక్కలు లివరు, మొదలు కిడ్నీలు. ఇది చైనా సంప్రదాయ వైద్యంలోని పటం. యాప్‌లో ఆ ముక్క ఎక్కడా లేదు, ఈ ఉదయమే కనిపెట్టినట్టు చూపిస్తారు. తెలుగులో పెట్టుకుంటే మాత్రం మంచి కాలక్షేపం. నాకొచ్చిన మొదటి ఫలితం: "మీ నాలుక తెల్లటి కోటు ధరించి ఉంది." పాచి అనడానికి వచ్చిన తిప్పలు. మా ఆవిడ రెండు రోజులు "ఏవండీ, మీ నాలిక కోటు విప్పిందా?" అంటూ తిరిగింది.

ఇక నా వృత్తికి సంబంధించిన సంగతి. రంగు గురించి నాకెవరూ చెప్పక్కర్లేదు. పెళ్ళికూతురి ఎర్రచీర ట్యూబులైటు కింద ఒకలా, వీడియో లైటు కింద ఒకలా, కొబ్బరి చెట్ల నీడలో ఇంకోలా వస్తుంది. చీర మారలేదు, వెలుగు మారింది. కెమెరాకి తెలుపంటే ఏదో ముందు చూపించాలి, చూపించకపోతే అదే ఓ అంచనా వేసుకుంటుంది. ఫోన్లైతే మరీను, ముఖం కనిపిస్తే చాలు అడగకుండానే గులాబీ రంగు పులుముతాయి. మరి అలాంటి ఫోన్‌తో నాలుక ఎరుపు ఇంత, నీలం అంత అని తేలుస్తానంటే నాకు నవ్వొచ్చింది. సరే, చూద్దామని ఒకే పొద్దుట, పళ్ళు తోముకుని, ఏమీ తినకుండా మొదలుపెట్టాను.

వీధరుగు మీద మబ్బు వెలుగులో తీస్తే 72, "కాలేయం కొద్దిగా బలహీనం". వంటింట్లో పసుప్పచ్చ బల్బు కింద తీస్తే 64, "కామెర్ల ఛాయ". ఇంటి వెనక నీలం టార్పాలిన్ కింద ధాన్యం బస్తాల పక్కన నిలబడి తీస్తే ఎర్ర అక్షరాలు: "ఆక్సిజన్ తక్కువ. గుండె పరీక్ష చేయించుకోండి." పది నిమిషాల్లో లివరు నుంచి గుండె దాకా వెళ్ళిపోయాను. వెనక నుంచి చూసిన మా ఆవిడకి టెన్షన్ వచ్చేసింది, "పదండి, టార్పాలిన్ కింద నుంచి ముందు బయటికి రండి" అంది. వచ్చాను. గుండె బాగుపడింది.

అన్యాయంగా మాట్లాడకూడదని స్టూడియోలో కూడా పెట్టి చూశాను. రెండు సాఫ్ట్‌బాక్సులు (వెలుగు మెత్తబడేలా తెల్లగుడ్డ కప్పిన నలుపలకల పెట్టెలు), వాటిలో పగటి వెలుగు రంగులో ఉండే దీపాలు, తలుపు మూసి, బూడిదరంగు కార్డు పెట్టి కొలత సరిచేసి, ఫోన్‌ని స్టాండుకి బిగించి వరసగా మూడు ఫొటోలు. వెలుగు మారలేదు, నాలుకా మారలేదు. మార్కులు 71, 58, 66. ఇక దీనికి నేను వెలుగుని కూడా సాకుగా చూపించలేను.

సాయంత్రం మా తమ్ముడి కూతురు నేరేడు పళ్ళు తిని వచ్చింది. ఆషాఢం కదా, వీధిలో పిల్లలందరి నాలుకలూ వంగపండు రంగే. దాని ఫొటో పెడితే యాప్ ఏమందో రాయను, పసిపిల్ల. ఏం తిన్నారు అని ఒక్క ప్రశ్న వేయొచ్చు కదా! వేయదు. ఏ మందులు వాడుతున్నారు, చుట్ట కాలుస్తారా, సుగరుందా, ఏదీ అడగదు. ఫోన్‌లోని కాంటాక్టులు చూడనిమ్మని మాత్రం మూడుసార్లు అడిగింది.

బావమరిదికి ఇదంతా ఫోన్‌లో చెబితే ఒప్పుకోలేదు. 2024లో ఇరాక్, ఆస్ట్రేలియా పరిశోధకులు కంప్యూటర్‌తో నాలుక రంగు చూసి 98 శాతం కచ్చితంగా జబ్బులు చెప్పగలిగారని వార్త పంపాడు. చదివాను. నిజమైన పరిశోధనే. కానీ వాళ్ళు ముందు చేసిందేమిటో చూడండి: బయటి వెలుతురు పడకుండా ఎల్ఈడీ దీపాలున్న పెట్టె తయారుచేసుకున్నారు, మనిషిని కెమెరాకి 20 సెంటీమీటర్ల దూరంలో కూర్చోబెట్టారు. అంటే ముందు మా స్టూడియో పని చేశారు. ఆఖర్న పరీక్షించింది ఆసుపత్రుల్లో తీసిన 60 ఫొటోల మీద. ఆ 98ని తీసుకొచ్చి టార్పాలిన్ కింద ఫోన్‌కి అంటిస్తే ఎలా?

ఇంతవరకే అయితే ఒక్క స్టారుతో పోయేది. అమ్మ దగ్గరే కథ తిరిగింది.

అమ్మకి 71. సుగరొచ్చి పన్నెండేళ్ళు, అప్పటి నుంచీ మెట్‌ఫార్మిన్ వేసుకుంటోంది. నాన్న పోయాక నీచు మానేసింది, తొమ్మిదేళ్ళయింది. గోదావరికి ఎర్రనీరు తగిలి పులస వచ్చిందని ఊరంతా సంబరపడుతుంటే ఆవిడ మజ్జిగన్నం తిని పడుకుంటుంది. ఆ మజ్జిగా పల్చటిదే. ఓ ఏడాదిగా "ఒరే అబ్బాయ్, ఆవకాయ నోట్లో పెట్టుకుంటే నాలిక భగ్గుమంటోందిరా" అంటోంది. కారం ఎక్కువైందేమో అన్నాం. అరికాళ్ళు తిమ్మిర్లంటే సుగరన్నాం. మెట్లెక్కితే ఆయాసమంటే వయసన్నాం. అన్నిటికీ మా దగ్గర సమాధానం ఉంది మరి.

స్టూడియోలో కూర్చోబెట్టి అమ్మ నాలుక తీశాను. యాప్ 88 ఇచ్చింది! ఇంట్లో అందరికన్నా ఎక్కువ. "అద్భుతం! నిగనిగలాడే ఎర్రటి నాలుక. మీ రక్తప్రసరణ యువకులలా ఉంది." అమ్మ ఎంత మురిసిపోయిందో.

ఫొటో బాగా వచ్చిందా లేదా అని పెద్దది చేసి చూసుకోవడం నాకలవాటు. అలా చూస్తుంటే ఒకటి తేడాగా అనిపించింది. నాలుక మీద సాఫ్ట్‌బాక్సు వెలుగు పడితే మామూలుగా చిన్న చిన్న చుక్కలుగా విరిగిపోతుంది, ఎందుకంటే నాలుక గరుకు, మీద ఇసుక చల్లినట్టు సన్నటి బుడిపెలుంటాయి. నా ఫొటోలో అలాగే ఉంది, మా ఆవిడ ఫొటోలోనూ అంతే. అమ్మ నాలుక మీద సాఫ్ట్‌బాక్సు చక్కగా నలుపలకల కిటికీలా కనిపిస్తోంది, మధ్య కుట్టు గీతతో సహా. పాలిష్ పెట్టిన ఇత్తడి బిందె మీద పడ్డట్టు. బుడిపెలు లేవు. అంచుల దగ్గర మాత్రం కాస్త మిగిలాయి. యాప్ నిగనిగ అని మార్కులేసింది ఆ బోడితనానికి.

మర్నాడు అమలాపురం తీసుకెళ్ళాను. జనరల్ ఫిజీషియన్, అరవైకి దగ్గర్లో ఉండే డాక్టరమ్మ. ఫొటో చూపించబోతే చేత్తో పక్కకి పెట్టేసి, అమ్మని స్టూలుతో సహా కిటికీ దగ్గరికి జరిపింది. టార్చి వేయలేదు. నాకు ఆవిడ మీద గౌరవం అక్కడే కలిగింది.

"మామ్మగారూ, నాలిక చాపండి. పొద్దున్నుంచి ఏం తిన్నారు?"

"కాఫీ తాగానమ్మా. ఒక్క వక్కపలుకు."

"ఏ మాత్రలు వేసుకుంటారు? ఎన్నాళ్ళ నుంచి? చేపా గుడ్డూ తింటారా?"

రెండు నిమిషాలు. కింది కనురెప్ప లాగి చూసింది, గోళ్ళు చూసింది, నాలుక పైకెత్తించి అడుగూ పక్కలూ చూసింది, శృతిదండం లాంటి దాన్ని మోగించి పాదం మీద ఆనించి "తెలుస్తోందా?" అంది. అమ్మకి తెలియలేదు. అప్పుడు రాసింది పరీక్షలు. హిమోగ్లోబిన్ 9.6 వచ్చింది, ఆడవాళ్ళకి 12కి తగ్గితే రక్తహీనత కిందే లెక్క. విటమిన్ బి12 మాత్రం 118, కాగితం మీద 200 పైన ఉండాలని ఉంది. ఎర్రకణాలు ఉండాల్సిన దానికన్నా పెద్దవిగా ఉన్నాయట, అది బి12 తగ్గినప్పుడు కనిపించే గుర్తేనంది.

నాలుక మీది పొర త్వరత్వరగా అరిగి కొత్తది పుడుతూ ఉంటుందనీ, కొత్త కణం పుట్టాలంటే బి12 కావాలనీ, అందుకే కొరత అక్కడ బయటపడుతుందనీ చెప్పింది. నరాల పైపొరకీ అదే కావాలి, తిమ్మిర్లు అందుకు. మెట్‌ఫార్మిన్ ఏళ్ళ తరబడి వాడితే బి12 ఒంటికి పట్టడం తగ్గుతుందట, ఆపైన నీచు లేదు. లివర్లో ఏళ్ళకి సరిపడా నిల్వ ఉంటుంది కాబట్టి ఇన్నాళ్ళు తెలియలేదు. "అలాగని సుగరు మాత్ర మీ అంతట మీరు ఆపేయకండి" అని నా వైపు చూసి గట్టిగా అంది, నా మొహంలో ఆ ఆలోచన కనిపించిందేమో.

రోజు విడిచి రోజు ఇంజెక్షన్లు రాసింది. ఆ మందు నాకు నచ్చింది. గోధుమరంగు గాజు సీసా, పగలగొడితే లోపల గోరింటాకు పండిన రంగు. అందులో కోబాల్టు ఉంటుందట, ఎరుపు దానిదే. వెలుతురు తగిలితే పాడవుతుందని రంగు సీసాలో పోస్తారు. మేం ఫిల్ము కడిగే డెవలపర్ మందు దాచుకున్న సీసాలు కూడా అచ్చం అవే.

399 పోగొట్టుకున్నాను కాబట్టి వడ్డీతో రాబట్టుకుందామని ఆవిడని మిగతా రంగులన్నీ అడిగాను. ఆ రోజు ఓపీ పల్చగా ఉంది, విసుక్కోకుండా చెప్పింది. పల్చటి తెల్లపాచి అందరికీ ఉంటుంది, గులాబీ మీద సన్నటి తెలుపు మామూలు నాలుకే. (చిన్నప్పుడు వేపపుల్ల నమిలి, రెండుగా చీల్చి గీసుకునేవాళ్ళం, ఆ పాచే ఇది. కోటు.) పెరుగు తరకల్లా అంటుకుని, గీకితే ఊడి కింద ఎర్రగా కనిపిస్తే మాత్రం ఫంగస్. సుగరు అదుపులో లేనివాళ్ళకీ, ఉబ్బసానికి ఇన్‌హేలర్ పీల్చి నోరు పుక్కిలించని వాళ్ళకీ వస్తుంది. గీకినా రాని తెల్లమచ్చ, అందులోనూ చుట్ట, గుట్కా అలవాటున్న నోట్లో, ఆవిడ అన్నిటికన్నా దాని గురించి ఎక్కువసేపు మాట్లాడింది. దానికి నొప్పి ఉండదు కాబట్టే జనం రారట. రంగు ఏదైనా, రెండు వారాలకి మానని పుండు నోట్లో ఉంటే చూపించాల్సిందే. అది ఎక్కువగా నాలుక పక్కల్లోనో అడుగునో ఉంటుంది. యాప్ తీసేది పైభాగమే.

మా మావయ్యగారిది లంక పొగాకు చుట్ట. మొన్న పళ్ళ చీముకి యాంటీబయాటిక్ కోర్సు వాడారు, నాలుక నడుమ నల్లగా, వెంట్రుకలు మొలిచినట్టయింది. యాప్ "శరీరంలో విషం పేరుకుంది" అని గంట మోగించి ఆయన్ని రెండు రాత్రులు నిద్రపోనివ్వలేదు. ఆవిడ విని నవ్వేసింది. బుడిపెలు అరక్కుండా పొడుగు పెరిగి వాటికి పొగా టీ రంగూ పడతాయట, చూడ్డానికి భయం గానీ హాని లేదు, బ్రష్షుతో తోమి చుట్ట మానితే పోతుంది. చుట్ట మానమన్న ముక్క ఆయనకి వినపడలేదు.

మా స్టూడియో కుర్రాడి నాలుక మీద తెల్లటి గట్లు, ఎర్రటి మడులు, వారం వారం చోటు మారుతుంటాయి. గోదావరి పాయల పటంలా ఉంటుంది. యాప్ వాడికి 31 ఇచ్చింది. అదేమీ జబ్బు కాదట, వందలో ఒకరిద్దరికి ఉండేదేనట.

ఆవిడ నిజంగా గొంతు మార్చి చెప్పినవి రెండే. పిల్లలకి జ్వరం ఐదు రోజులైనా తగ్గక, నాలుక స్ట్రాబెర్రీలా ఎర్రగా గింజలు తేలి, కళ్ళు ఎర్రబడి, ఒళ్ళు పేలితే కవాసాకి అనే జబ్బేమో చూడాలి, ఆలస్యమైతే గుండె రక్తనాళాలు దెబ్బతింటాయి. పెదాలూ నాలుకా నీలంగా మారి ఊపిరాడకపోతే ఫొటోలు తీస్తూ కూర్చోకుండా 108కి చేయాలి. అదైనా టార్పాలిన్ బయట చూసుకుని, అని నేను మనసులో అనుకున్నాను.

బస్సులో వస్తుంటే అమ్మ అడిగింది, "అయితే నాలిక చూసి జబ్బు చెప్పొచ్చా, చెప్పకూడదా?" ఆయుర్వేదంలో వైద్యులు చూసే ఎనిమిదింటిలో నాలుకా ఒకటి, నాడి, కళ్ళు, గొంతు కూడా చూసేవారు గానీ నాలుక ఒక్కటే చూసి ఊరుకునేవారు కాదు. అమ్మకి ఇదంతా ఎలా చెప్పను? కిటికీలోంచి కాలవ కనిపిస్తోంది, కొత్తనీరు, ఎర్రగా. "అమ్మా, ఎర్రనీరొస్తే పైన వానలు పడ్డాయని తెలుస్తుంది కదా?" అన్నాను. "ఆఁ." "లంకలు మునుగుతాయో లేదో ఆ రంగు చూసి చెప్పగలమా?" "అదెలా? ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీరు ఎన్నడుగులుందో చెప్పాలి" అంది. పదకొండు ముప్పావు దాటితే మొదటి హెచ్చరిక అని మా జిల్లాలో చంటిపిల్లలకి కూడా తెలుసు. "నీ రక్తపరీక్ష ఆ అడుగులే" అన్నాను. అర్థమైనట్టే తలూపింది. తర్వాత చిన్నగా, "మరి ఏడాది నుంచి భగ్గుమంటోందని చెబుతూనే ఉన్నాను కదరా" అంది. నేనేమీ మాట్లాడలేదు.

యాప్ మంచి కూడా చెప్పాలి. అది రాకపోతే నేను అమ్మ నాలుక జన్మలో ఫొటో తీసేవాణ్ణి కాదు. ఆ అర స్టారు అందుకే.

డబ్బు సంగతి. ప్రతి ఫలితం కిందా "నాలుక శుద్ధి చూర్ణం" 1,299 రూపాయలు అని బటన్ ఉంటుంది, జబ్బు ఏదైనా మందు అదే. సభ్యత్వం రద్దు చేసే బటన్ మాత్రం వెతుక్కోవాలి. కస్టమర్ కేర్‌కి నా మూడు ఫొటోలూ, మూడు మార్కులూ పంపి డబ్బు వెనక్కివ్వమంటే "మీ అభిప్రాయం మాకు విలువైనది" అని వచ్చింది, రెండుసార్లు. మూడోసారి రాస్తే నాలుక ఫొటో స్పష్టంగా తీయడం ఎలా అని వీడియో పంపారు. నాకు!

ఇంజెక్షన్లు మొదలై రెండు నెలలు దాటింది. శ్రావణం పెళ్ళిళ్ళ హడావిడి అయ్యాక ఓ ఆదివారం అమ్మని మళ్ళీ అదే స్టూలు మీద, అవే లైట్ల కింద కూర్చోబెట్టాను. తిమ్మిర్లు ఇంకా ఉన్నాయి, నరాలకి టైము పడుతుందన్నారు. ఆయాసం తగ్గింది. ఆవకాయ కలుపుకుంటోంది, నూనె ఎక్కువేసుకుని. పెద్దది చేసి చూస్తే సాఫ్ట్‌బాక్సు కిటికీ చెదిరిపోయింది, కొస నుంచి సగం దాకా సన్నటి చుక్కలొచ్చాయి. మధ్యలో మాత్రం ఇంకా కొంచెం నున్నగా ఉంది.

గడువు నాలుగు రోజులుందని అదే ఫొటో యాప్‌కి కూడా ఇచ్చాను. 61. "మీ నాలుక మెరుపు కోల్పోతోంది." చూర్ణం మీద 20 శాతం తగ్గింపు కూడా ఇస్తానంది.